చిన్నంతరం, పెద్దంతరం

మొన్నామధ్య నాన్నగారు సింగపూరు వచ్చినప్పుడు అందరం టెక్కా సెంటర్‌కి వెళ్ళి దోసెలు తిన్నాం. తినడం అవగానే ఆయన మన ఊరి హోటల్లో లేచినట్టే చెయ్యి కడుక్కోడానికి లేచారు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి పక్క టేబుళ్ళవాళ్ళు కూడా వినేటట్టు, "తాతా, ట్రే నువ్వే తీసి పెట్టాలి, లేకపోతే ఫైన్!" అంది. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి హాకర్ సెంటర్లలో అది రూలు లెండి. నాన్నగారు నవ్వేశారు. నేనే ఊరుకోలేక, "చిన్నంతరం పెద్దంతరం లేదా నీకు?" అని గదిమాను.

"అంటే ఏంటి నాన్నా?"

నీళ్ళు నమిలాను. రెస్పెక్ట్ అంటే చాలదు. మేనర్స్ అందామంటే, ట్రే తియ్యడమే మేనర్స్ అని వాళ్ళ బళ్ళో చెప్పారాయె! ఇరవయ్యేళ్ళుగా క్లయింట్ల మనసులో ఉన్నది కనిపెట్టి రిక్వైర్‌మెంట్లు రాసి బతుకుతున్న నాకు, మా అమ్మ రోజుకి నాలుగుసార్లు వాడిన మాటకి అర్థం చెప్పడం చేతకాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఇంగ్లీషు నిఘంటువుల మీద పడ్డాను. మన మాటకి జోడీ దొరకలేదు గానీ, వాళ్ళూ ఇలాంటివి బోలెడు పోగొట్టుకున్నారని తెలిసింది. పాత ఇంగ్లీషులో 'థ్యూ' అని ఒక మాట ఉండేది. మొదట ఆచారం అని అర్థం, తరవాత మంచి నడవడి, సుగుణం. పోనుపోను అది కండబలం అయి కూర్చుంది, ఇప్పుడు అదీ ఎవరూ వాడరు. 'వాంటన్' అంటే మొదట్లో సరిగ్గా పెంచని పిల్ల అనే. అచ్చం మనం "పెంపకం అలా ఏడిసింది" అన్నట్టు! 'నర్చర్' లాటిన్‌లో తిండి పెట్టడం అనే మాట నుంచి వచ్చింది. పదిహేనో శతాబ్దంలో, పెద్దింటి కొలువులో పెరిగే కుర్రాళ్ళకోసం రాసిన మర్యాద పద్యాల్ని ఫర్నివాల్ అనే ఆయన 1868లో అచ్చు వేయించాడు. పాత్ర ఎత్తి తాగేముందు మూతి తుడుచుకోమని వాటిలో ఉంది. ఒకే పాత్ర చేతులు మారే రోజులు మరి. ఎంగిలి అన్న మాట లేకపోయినా ఆ బాధ మాత్రం వాళ్ళకీ తెలుసన్నమాట.

ఇక సింగపూరు సంగతి. ఈ ఊరు మర్యాదని కూడా ప్రాజెక్టులాగే నడిపింది. 1979లో ప్రభుత్వమే మర్యాద ఉద్యమం మొదలెట్టింది, 1982లో దానికి సింగా అనే సింహాన్ని బొమ్మగా పెట్టింది. ప్రాథమిక పాఠశాలల్లో చైనీసు, మలయు, తమిళ పిల్లలకి శీలం, పౌరనీతి పాఠాలు వాళ్ళ భాషలోనే చెప్తారు. లెక్కలు ఇంగ్లీషులో, బుద్ధులు అమ్మభాషలో! నాకు చాలా నచ్చిన ఏర్పాటు ఇది. తెలుగుకి ఆ వరసలో చోటు లేదు. తమిళం కాక బడిలో ఒప్పుకున్న భారతీయ భాషలు అయిదు: బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. మావాళ్ళలో కొందరు తమిళం పెట్టిస్తారు, కొందరు హిందీ. మేం హిందీ.

కాబట్టి మన బుద్ధులు ఇంట్లోనే చెప్పుకోవాలి. ఇక్కడే మనం తప్పు చేస్తున్నామని నా గట్టి నమ్మకం. ఆదివారం పూట శతక పద్యాలు బట్టీ పట్టిస్తాం, వీడియో తీసి అమ్మమ్మకి పంపిస్తాం. తిట్టడానికి వచ్చేసరికి మాత్రం "బిహేవ్ యువర్‌సెల్ఫ్!" అంటాం. ఒద్దిక, అణకువ, ఇంగితం, గారాబం, సిగ్గూ ఎగ్గూ... ఇవి నాకు పద్యాల్లోంచి రాలేదండీ, చివాట్లలోంచి వచ్చాయి. ఎవరేమనుకున్నా సరే, పిల్లల్ని తెలుగులో తిట్టండి.

అలాగని ఆ మాటలన్నీ కడిగిన ముత్యాలేం కావు. మర్యాద అంటే సంస్కృతంలో అసలు అర్థం హద్దు. ఎవరి హద్దులో వాళ్ళుండటాన్ని మర్యాద అనుకున్నాం చాలాకాలం. ఊరివాడి మాట 'గ్రామ్యం' అయింది. ఇంగ్లీషువాడూ తక్కువ తినలేదు. రాజుల కోర్టులోంచి 'కర్టసీ' తీసుకున్నాడు, పొలంలో పనిచేసేవాణ్ణి 'విలన్' చేశాడు.

ఇదంతా తెలుసుకుని మర్నాడు అమ్మాయిని కూచోబెట్టి, "పెద్దవాళ్ళు ఎవరో, చిన్నవాళ్ళు ఎవరో ఎరిగి మసలుకోవడమే చిన్నంతరం పెద్దంతరం" అని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "ట్రేలు తీసే ఆంటీ తాతకంటే పెద్దది కదా?" అంది.

నిజమే. డెబ్బై అయిదు దాటి ఉంటాయావిడకి. నడుం వంగిపోయింది. మా టేబుల్ పక్కనే బండి పట్టుకుని నిలబడింది, నేనే చూళ్ళేదు. పెద్దంతరం ఎవరి దగ్గర పాటించాలో మా అమ్మ నాకు నేర్పిన జాబితాలో టేబుళ్ళు తుడిచేవాళ్ళు లేరు మరి. అయినా ఆ మాట తెలియబట్టే కదా అమ్మాయి దాంతో నన్ను నిలదీయగలిగింది!

నాన్నగారు ఇదంతా వింటూనే ఉన్నారు, ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అమ్మాయి ఉప్మా తినేసి, కంచం బల్లమీదే వదిలేసి ఐప్యాడ్ కోసం పరిగెడుతోంటే మాత్రం, "ఏమ్మా, ఇంట్లో అయితే ఫైన్ లేదా?" అన్నారు.