పాత బండికి చిక్కటి ఆయిల్ పోయమనే మాట

"బండి పాతబడే కొద్దీ ఆయిల్ చిక్కగా పొయ్యాల." మదనపల్లెలో ఏ షెడ్డు ముందు నిలబడినా వినిపించే మాట ఇది. పుంగనూరులోనూ అంతే, కుప్పంలోనూ అంతే. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఇది సగం నిజం. ఆ సగాన్ని పట్టుకుని ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలను చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

లారీ ఆయిల్ గురించి ఆడవాళ్లకెందుకు అనుకునేవాళ్లకు ఒక్కటే సమాధానం. ఇంజను బోరుకొస్తే ముందు తెరుచుకునేది బానెట్ కాదు, బీరువా. మొదట కుదువకు పోయేది మన గాజులే. డబ్బులు మన చేతి మీదుగా పోయేటప్పుడు, ఆ డబ్బా మీద ఏం రాసుందో తెలుసుకునే హక్కు మనకుంది.

మా ఇంట్లో ఇరవై ఏళ్లు దాటిన 407 ఉంది. టాటా వాళ్లు 1986లో మొదలుపెట్టిన బండి అది. మా వైపు టమోటా తోలని 407 ఉండదేమో. దాని డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. పక్కింటి వాళ్ల డబ్బా మీద 20డబ్ల్యూ-40, ఇంకొకరి దాని మీద 20డబ్ల్యూ-50. ఈ అంకెలు ధరలూ కావు, నాణ్యత మార్కులూ కావు. అమెరికాలో ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911లో మొదలుపెట్టి, తర్వాత మార్చుకుంటూ వచ్చిన చిక్కదనం కొలత ఇది.

వంటింట్లో ఉన్నవాళ్లకు ఇది చెప్పడం సులభం. తెల్లవారుజామున చలిలో ఆముదం సీసా వంచితే ఎంత నిదానంగా కారుతుంది! అదే గరిటెలో వేడి చేస్తే నీళ్లలా జారుతుంది. ఇంజన్లో ఆయిల్ కూడా అంతే. డబ్ల్యూ అంటే వింటర్. దానికి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులభంగా కదులుతుందో చెప్తుంది. అది ఎంత చిన్నదైతే అంత త్వరగా పైకి పాకుతుంది. వెనకున్న అంకె ఇంజను బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కదనం నిలుస్తుందో చెప్తుంది. 15డబ్ల్యూ-40 అయినా 20డబ్ల్యూ-40 అయినా వేడి మీద ఒకే తరగతి. తేడా అంతా పొద్దున్నే తాళం తిప్పినప్పుడే. 20డబ్ల్యూ-50 మాత్రం వేడి మీద కూడా ఒక మెట్టు చిక్కన.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, పలమనేరు, కుప్పం అన్నీ ఈ మిట్ట మీదివే. ఇక్కడ చలి మనల్ని వణికిస్తుంది కానీ ఆయిల్‌ను కాదు. 20డబ్ల్యూ ఆయిల్ మైనస్ 20 డిగ్రీల్లోనూ, 15డబ్ల్యూ మైనస్ 25లోనూ పంపుకు అందాలని లెక్క. మనకు ఆ చలి ఎక్కడిది? కాబట్టి ముందు అంకె గురించి షెడ్డులో గంటసేపు వాదించుకోవడం అనవసరం. మన బండి పుస్తకంలో ఈ రెండింటిలో ఏది ఉంటే అది పోసుకోవచ్చు. రెండూ ఉంటే నా ఓటు 15కే. చల్లటి ఇంజను తిరిగిన మొదటి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ. అప్పుడు పైనున్న వాల్వుల దాకా ఎంత త్వరగా చేరితే అంత మంచిది.

అసలు వాదన వెనక అంకె గురించి. 40 చాలదు, 50 పొయ్యాలంటారు. ఎందుకని అడిగితే మూడు కారణాలు చెప్తారు: పొగ వస్తా ఉంది, ఆయిల్ తాగతా ఉంది, ఇంజను శబ్దం చేస్తా ఉంది. ఈ మూడూ రోగ లక్షణాలు. చిక్కటి ఆయిల్ పోస్తే లక్షణం కొన్నాళ్లు అణుగుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. జ్వరమొచ్చిన బిడ్డకు మాత్ర వేస్తాం, మంచిదే. కానీ మూడు వారాలు మాత్రలే వేస్తూ, ఎందుకొచ్చిందో చూపించకపోతే?

పుంగనూరులో మా ఆడబిడ్డ వాళ్ల బండికి నిరుడు ఇలాగే పొగ మొదలైంది. "వదినా, 50 పోస్తే తగ్గిపోతుందంటా ఉండారు, మీ అన్న రేపే మార్పిస్తానంటా ఉండాడు" అని ఫోన్ చేసింది. "పొగ ఏ రంగులో ఉందమ్మా?" అన్నాను. "నల్లగా, మిట్ట ఎక్కేటప్పుడు ఇంకా నల్లగా" అంది. నల్ల పొగకు ఇంజనాయిల్‌తో సంబంధమే లేదు. డీజిల్ ఎక్కువై గాలి తక్కువైతే వచ్చేది అది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, నాజిల్స్ చెడిపోవడమో అయి ఉంటుంది. ఫిల్టర్ విప్పితే తోటల దారిలో దుమ్మంతా దాంట్లోనే ఉందట. దాన్ని మార్చడానికైన డబ్బు ఎంత, 50 ఆయిల్ నింపడానికయ్యే డబ్బు ఎంత! పైగా ఆ దుమ్ము లోపలికి పోయి ఉంటే రింగులు అరిగి, అప్పుడు నిజంగానే ఆయిల్ తాగడం మొదలయ్యేది.

కాబట్టి ఆయిల్ మార్చే ముందు పొగ రంగు చూడండి. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోందని అర్థం. అందులోనూ, రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. అది చిన్న పని. లోడుతో మిట్ట ఎక్కుతుంటే ఆగకుండా వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి గుప్పుగుప్పుమంటుంటే రింగుల మీద అనుమానం. అది పెద్ద పని. తెల్ల పొగ ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమో చూపించాలి. ఈ నాలుగింటికీ ఒకటే మందు, చిక్కటి ఆయిల్, అంటే ఎలా కుదురుతుంది?

ఈ మందు చేసే అసలు కీడు ఎక్కడో చెప్తాను. కుప్పంలో మా చిన్నమ్మ కొడుకు మూడేళ్ల కిందట పాత లారీ ఒకటి కొన్నాడు. చూసినప్పుడు పొగ లేదు, శబ్దం లేదు. "ఇంజను బంగారం తమ్ముడా" అన్నారట. వడ్డీకి తెచ్చి కొన్నాడు. నెల తిరిగాక పుస్తకంలో ఉన్న ఆయిల్ పోయించాడు. రెండో ట్రిప్పుకే వెనకంతా నీలం పొగ. విప్పి చూస్తే రింగులు ఎప్పుడో పోయాయి. అమ్మేముందు బాగా చిక్కటి ఆయిల్, దానికి తోడు ఇంకేదో చిక్కబరిచే మందు పోసి పొగ కనపడకుండా చేశారని షెడ్డులో చెప్పారు. బోరు పనికి మా చిన్నమ్మ తాళిబొట్టు గొలుసు బ్యాంకుకు పోయింది. వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. ఆ అమ్మినాయన ఎవరో పెద్ద మోసగాడు కూడా కాదు. ఆయనకూ ఎవరో చెప్పిన చిట్కానే. ఎఫ్.సి.కి పోయే ముందు, అమ్మకానికి పెట్టే ముందు చాలామంది చేసేదే. కానీ ఆ చిట్కా ఖరీదు కట్టింది ఇంకో ఇంటి ఆడమనిషి. పాలలో నీళ్లు కలిపితే తప్పు అంటాం. ఇది మాత్రం తెలివి అంటాం. నాకు రెండింటికీ తేడా కనపడదు.

పాత బండి కొనేవాళ్లు ఒక పని చేయండి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోండి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టిన బండిని చూడొద్దు. గేజీ పుల్ల తీసి ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దండి. తేనెలా సాగుతుంటే ఎందుకని అడగండి. ఏ గ్రేడు పోశారో, ఎప్పుడు పోశారో బిల్లు చూపించమనండి. మిట్ట మీద లోడుతో నడిపించి వెనక నుంచి పొగ చూడండి.

అయితే 50 ఎప్పుడూ తప్పేనా? కాదు. బాగా తిరిగిన ఇంజన్లో బేరింగుల సందులు పెరిగి, వేడి మీద ఆయిల్ ప్రెషర్ పడిపోతుంటే ఒక మెట్టు చిక్కటిది కొంత పట్టు ఇస్తుంది. మన ఎండకు, మన లోడుకు అది కుదురుతుందని కంపెనీ పుస్తకంలోనే ఉంటే అసలు అభ్యంతరమే లేదు. మా బండే మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా చెన్నై వైపు పోతే, ఇక్కడి చల్లటి గాలి వదిలి వేరే ఎండలోకి పోయినట్టే. మళ్లీ లోడుతో ఘాట్ ఎక్కాలి. కానీ ప్రెషర్ గేజి పెట్టి కొలిచి నిర్ణయించడం వేరు, పొగ చూసి ఊహించి పోయడం వేరు. చిక్కదనం ఊరికే రాదు. ఇంజను దాన్ని తోయడానికి శక్తి ఖర్చు పెడుతుంది, అది డీజిల్ లెక్కలో కనిపిస్తుంది. సన్నటి దారుల్లోకి ఆలస్యంగా చేరుతుంది. టర్బో ఉన్న బండికి అది ఇంకా చేటు. ఇంజను పని వెంటనే చేయించే స్తోమత లేనప్పుడు 50 పోసి సీజను గట్టెక్కించుకోవచ్చు. కానీ అది గడువు కొనుక్కోవడమని ఇంట్లో అందరికీ తెలిసుండాలి. ఆ గడువులో బోరు పనికి నెలనెలా కొంత పక్కన పెట్టాలి.

డబ్బా మీద ఇంకో వరుస ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఏపీఐ సీహెచ్-4 అనో, సీఐ-4 అనో ఉంటుంది. చిక్కదనం ఒక సంగతైతే, మసిని పట్టుకుని ఉంచడం, యాసిడ్లను అణచడం ఇంకో సంగతి. అది చెప్పేది ఈ వరుస. 'సీ'తో మొదలయ్యేవి డీజిల్ బండ్లకు, 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోలు బండ్లకు. సీహెచ్-4 1998లో వచ్చింది, సీఐ-4 2002లో. ఈ రెండింటిలో తర్వాత వచ్చినదాన్ని ముందుదానికి బదులు వాడుకోవచ్చు. మోటార్ సైకిల్ ఆయిల్ డబ్బా మీద కూడా 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. నంబరు ఒకటే కదా అని ఇంట్లో మిగిలిన బైకు ఆయిల్ లారీలో కలపకూడదు. మినప్పిండి, బియ్యప్పిండి ఒకే రంగు, అంతమాత్రాన గారె రెండింటితోనూ రాదు.

గ్రేడు సరిగ్గా ఎంచుకుని, మార్చడం మర్చిపోతే కూడా ఫలం లేదు. మన టమోటా బండ్ల తిరుగుడు వేరు. తోట నుంచి మార్కెట్టుకు కొద్ది కిలోమీటర్లే. కానీ మట్టిదారిలో రెండో గేరు, ఆపైన మార్కెట్టు ముందు వరుసలో ఇంజను తిరుగుతూ గంటలు. మీటరు కదలదు, ఆయిల్ మాత్రం మాగిపోతుంది. 2023 జూలైలో కిలో 200 రూపాయల దగ్గరకు పోయినప్పుడు మా ఊళ్లో ఒక్క బండి కూడా ఒక పూట ఆగలేదు. అలాంటి సీజన్లో కిలోమీటర్లను నమ్ముకోకుండా, పుస్తకం కఠినమైన వాడకానికి చెప్పిన గడువునే పాటించాలి.

మా ఇంట్లో పాలు, చీటీల లెక్క రాసే నోటుబుక్కులోనే బండికి రెండు పేజీలు ఉన్నాయి. ఏ తేదీన ఏ గ్రేడు, ఎంత పోశాం, ఫిల్టర్ మార్చామా, మధ్యలో ఎంత కలిపాం. రాయడం నా పని, పొద్దున్నే గేజీ చూడడం మా ఆయన పని. నెలకు కలిపేది పెరుగుతుంటే పొగ కనపడకముందే పేజీ చెప్పేస్తుంది. పోయకుండానే మట్టం పెరిగితే సంతోషపడకూడదు. డీజిలో నీళ్లో కలుస్తోందన్నమాట. డీజిల్ అయితే వాసన చెప్తుంది, నీళ్లయితే ఆయిల్ పాల కాఫీ రంగుకు తిరుగుతుంది. సీలు ఉన్న డబ్బానే కొంటాం, బిల్లు ఆ పేజీలోనే గుచ్చుతాం. ఖాళీ డబ్బాకు చిల్లి పొడిచి పారేస్తాం, లేకపోతే దాంట్లో ఏం నింపి ఎవరికి అమ్ముతారో తెలియదు.

మన పెద్దలు ఎద్దుల బండి ఇరుసుకు ఆముదం, మసి కలిపి కందెన వేసేవాళ్లు. అక్కడ చిక్కదనమే గుణం, జారిపోకుండా అతుక్కుని ఉండాలి. ఆ అనుభవం నుంచే 'చిక్కనిదే గట్టిది' అన్న నమ్మకం మనకు వచ్చిందేమో అనిపిస్తుంది. కానీ ఇంజన్లో ఆయిల్ అతుక్కుని కూర్చోదు, తిరుగుతూ ఉంటుంది. అది చేసే పని మారింది, మన మాటే మారలేదు.

పాత బండికి కావలసింది దాని పుస్తకంలో రాసిన ఆయిల్, వేళకు మార్చే ఓపిక, పొగ వస్తే ఎందుకని అడిగే ధైర్యం. మీ ఇంటాయన షెడ్డుకు బయలుదేరేటప్పుడు ఒక్క మాట అడగండి: "ఏ గ్రేడు పోయిస్తా ఉండావు, ఎందుకు?" జవాబు "అందరూ పోస్తా ఉండారు" అయితే, ఆ పూటకు బండిని కదలనివ్వకండి.