తాళం మనది, గది ఎవరిది?

'పాస్‌వర్డ్ పెట్టాం, ఇంకేం భయం?' ఉద్యోగ సంఘాల చాట్ చానళ్లలో, విద్యార్థి సంఘాల చర్చా గదుల్లో వినిపించే ధీమా ఇది. ఇది ఒట్టి భ్రమ అంటున్నాం మేం. పాస్‌వర్డ్ కాపలా కాసేది తలుపుకే. లోపలి మాటకు కాదు.

ఈ చానళ్ల పుట్టుకలోనే లోపం ఉంది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతిని తయారు చేశాడు. 1993లో దాని నిబంధనలు అచ్చయ్యాయి. చానల్‌కు 'కీ' పెట్టుకునే వీలు అందులో ఉంది. అయితే చేరే ప్రతివాడూ ఆ కీని సర్వర్‌కు చెప్పాలి. అది మామూలు అక్షరాల్లోనే పోయేది. దారిలో కాపు కాసినవాడికి కీ దొరికేది, మాటా దొరికేది. తర్వాత దారికి ఎన్‌క్రిప్షన్ వచ్చింది. మంచిదే. కానీ సర్వర్ దగ్గరికి చేరగానే ఆ ముడి విడిపోతుంది. సర్వర్ నడిపేవాడికి మన పాస్‌వర్డ్‌తో పనేముంది? గదే వాడిదాయె!

పైగా వందమందికి ఒకటే పాస్‌వర్డ్. ఒకడు బయట చెబితే ఎవడు చెప్పాడో తేలదు. సంఘం ఫిరాయించినవాడి దగ్గరా అదే ఉంటుంది. దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా ఉందనుకోవడం కాదా ఇది?

విజయవాడ హైవే మీద కీసర టోల్‌గేటు దాటే ఉద్యోగులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డిక్కీలో ఏముందో గేటు చూడదు. కానీ ఏ బండి ఏ నిమిషాన దాటిందో ఫాస్టాగ్ లెక్కలో పడుతుంది. సర్వరూ అంతే. మాట చదవకపోయినా ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకోగలదు. నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో పనిచేసే చిన్న ఉద్యోగికి మెమో ఇవ్వడానికి ఆ లెక్క చాలదా?

పెద్ద కంపెనీల మాటలూ నమ్మలేం. మీటింగులకు పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉందని జూమ్ చెప్పుకుంది. తాళాలు మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. 2020 నవంబరులో అమెరికా వాణిజ్య కమిషన్ దాన్ని తప్పుపట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన కేంద్ర హోంశాఖ కూడా జూమ్ సురక్షితం కాదంది. టెలిగ్రామ్ గ్రూపులకు నేటికీ ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్‌క్రిప్షన్ లేదు.

మరి హెచ్చరించే సర్కారు తానేం చేస్తోంది? ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద సందేశాలు విప్పి చూపమని ఆదేశించవచ్చు. సహకరించకపోతే ఏడేళ్ల వరకు జైలు. 2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు రచ్చకెక్కింది. ప్రతిపక్ష నేతల ఫోన్లు చాటుగా విన్నారన్నది అభియోగం. నేతలకే ఆ గతి అయితే గుమస్తాకు, విద్యార్థికి దిక్కెవరు? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. హక్కు తీర్పులో ఉంటే చాలదు, ఫోన్‌లోనూ ఉండాలి.

సంఘాల నాయకులారా! సభ్యుల ఉద్యోగాలతో చెలగాటం ఆడకండి. మాటలు విప్పే తాళం సభ్యుల ఫోన్లలోనే ఉండే పద్ధతికి మారండి. సిగ్నల్ అలాంటిదే. గ్రూపును చిన్నదిగా ఉంచండి. వెళ్లిపోయినవాడి పేరు ఆ రోజే తీసేయండి. స్క్రీన్‌షాట్‌కు ఏ ఎన్‌క్రిప్షనూ అడ్డుకాదు కాబట్టి పేర్లు, తేదీలు రాతలో పెట్టకండి.

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు ఆ గోడలు కట్టేది పరాయివాడు. తాళం చూసి మురవకండి, గది ఎవరిదో అడగండి!