సముద్రం పక్కనే ఉన్నా ఉప్పు కొనాల్సిందే!

రాజోలు నుంచి ఓ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, అంతర్వేది మాకు దగ్గరే. బైక్ మీద మూడు టిన్నుల సముద్రం నీళ్లు తెచ్చి నీమో చేపలు పెంచుదామనుకుంటున్నా. చేతిలో ఉన్నది ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బులే. వర్కవుట్ అవుద్దా?"

ఆ నీళ్లతో అవ్వదు తమ్ముడూ. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదారి సముద్రంలో కలుస్తుంది. అక్కడి నీళ్లలో ఎండాకాలం ఉన్న ఉప్పు వరదలప్పుడు ఉండదు. పైగా ఎర్రనీరు, బురద. సముద్రం నుంచి గోదారికి ఎదురీదే పులస ఆ మార్పుని తట్టుకుంటుంది. పగడపు దిబ్బల్లో బతికే క్లౌన్ ఫిష్ (అదే మన నీమో) తట్టుకోలేదు. దానికి ఏడాది పొడవునా లీటరుకి 35 గ్రాముల లెక్కన ఒకే ఉప్పదనం ఉండాలి.

అయితే కోనసీమ కుర్రాడిగా నీకో అడ్వాంటేజ్ ఉంది. ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరికి రొయ్యల చెరువు ఉండే ఉంటుంది. సెలినిటీ, అమ్మోనియా, పీహెచ్... సిటీ కుర్రాళ్లు యూట్యూబ్‌లో నేర్చుకునే ఈ మాటలు మన అరుగుల మీదే వినపడతాయి. బాబాయిని అడిగి రిఫ్రాక్టోమీటర్ తెచ్చుకో, ఒక ఖర్చు తప్పుతుంది. చెరువులో వచ్చే రీడింగ్ మాత్రం ఫాలో అవ్వకు. వెనామీ తక్కువ ఉప్పులోనూ పెరిగేస్తుంది. నీకు 35 చూపించాలి.

ట్యాంకు 60 లీటర్లకి తగ్గొద్దు. చిన్న గాజు బౌల్ చవకే, కానీ నీళ్లు ఎంత తక్కువైతే అంత త్వరగా పాడవుతాయి. నీళ్ల బరువే 60 కిలోలు కాబట్టి ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టకు! బోరు నీళ్లు వద్దు, ఆర్వో ప్లాంటు టిన్నులు తెచ్చుకో. వాటిలో మెరైన్ సాల్ట్ సుమారు 2 కిలోల 100 గ్రాములు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. వారానికి 6 లీటర్లు మార్చాలి, అంటే 210 గ్రాముల ఉప్పు. నెల ఖర్చు ఇప్పుడే లెక్కేసుకో. లైటు మామూలుది చాలు.

రాళ్లు కొనేటప్పుడు జాగ్రత్త. ఎండు రాయి, సిరామిక్ రాయి ఓకే. పగడం ముక్క చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోవద్దు. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. కేసు అవుద్ది.

ఇప్పుడు అసలు సంగతి. ట్యాంకు, చేప ఒకే రోజు కొనకు. కొత్తవాళ్ల చేపలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో, ఫిల్టర్‌లో పెరగాలి. అందుకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. వాటికి మేత ఏంటంటావా? ఒక్క పచ్చి రొయ్య! ఉప్పూ పసుపూ తగలనిది, చిన్న వలగుడ్డలో కట్టి వెయ్యి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది. వాసనకి అమ్మ తిడుతుంది, భరించు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా పెరిగి, తర్వాత నైట్రైట్ పెరిగి, చివరికి రెండూ సున్నాకి రావాలి. కిట్ ఉప్పునీళ్లకి పనిచేసేదో కాదో చూసి కొను.

అప్పుడు రెండు క్లౌన్ ఫిష్‌లు, అంతే. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవి అడుగు. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు వీటిని ట్యాంకుల్లోనే పిల్లలు పెట్టించారు. రెండింట్లో పెద్దది ఆడది అవుతుంది, పుట్టినప్పుడు అన్నీ మగవే మరి. డోరీ కూడా కావాలని అడక్కు, అది అడుగు పొడవు పెరుగుతుంది.

మే నెల ఎండలకి నీళ్ల మీదుగా చిన్న ఫ్యాన్ పెట్టు, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దాంతో నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవ్వదు. అందుకే రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పొయ్యి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు పక్కనే ఉండాలి. లైటు కంటే ముందు అది కొను.