బండి మనది, చిట్టా యెవరిది?

మార్కాపురము గనులనుండి వెడలిన పలకలమీద ఎన్ని తరముల బాలురు అక్షరములు దిద్దిరో లెక్కింప నలవికాదు. ఆ పలకయందు గొప్ప గుణ మొకటి కలదు. వ్రాసినది వ్రాసినవాని యెదుటనే యుండును; నిలుపుటయు తుడుచుటయు వాని చేతిలోని పని. నేడు విద్యుత్కారు తన నడక నంతయు తానే వ్రాసికొనుచున్నది. కాని ఆ వ్రాత యజమానుని పలకమీద గాక, కంపెనీవారి సర్వరులలో పడుచున్నది. దీనినిగూర్చి మన ప్రజ లాలోచింపవలసిన సమయము వచ్చినదని మేము తలంచుచున్నాము.

గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల కనుమమీదుగా పోవు కారును తలచుకొందము. ఎక్కునప్పుడు బ్యాటరీ వేగముగా తఱుగును. దిగునప్పుడు మోటారే జనరేటరుగా మాఱి కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేర్చును. మన సీమ వేసవి యెండ బ్యాటరీకి మఱియొక పరీక్ష. ఏ దారిలో నెంత ఖర్చయ్యెను, ఎన్ని యూనిట్లెక్కెను, ఈ యేడు బ్యాటరీ శక్తి యెంత తగ్గెను అను లెక్కలు విద్యుత్కారునకు ప్రాణము వంటివి. ఏలయన బండి విలువలో పెద్ద పాలు బ్యాటరీదే. 2020లో వెలువడిన టాటా నెక్సాన్ విద్యుత్కారు బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ నిచ్చిరి. హామీ యున్నచోట వివాదము పుట్టవచ్చును. బ్యాటరీ క్షీణించినదని యే కారు యజమాని యైనను వాదించిననాడు సాక్ష్య మెక్కడ నుండును? ప్రతివాది పెట్టెలో నుండును! తన పొలము లెక్క తాను చూడవలెనన్నను రైతు కరణముగారి గుమ్మమున నిలువవలసిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. ఆ పదవులు 1984లో రద్దయినవి. ఆ దస్త్రము పోయినదని సంతసించిన మనము, కంటికి కనబడని మఱియొక దస్త్రమునకు తల యొగ్గుట న్యాయమా?

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. టెస్లా కార్లవారికొఱకు ఆడ్రియన్ కుంఫ్ అను ప్రోగ్రామరు టెస్లామేట్ అను సాఫ్టువేరును నిర్మించి, దాని మూలమును అందఱకు ఉచితముగా తెఱచియుంచెను. అరచేతిలో నిముడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు దానికి చాలును. డాకర్ సాయమున నాలుగు భాగములను అందు నెలకొల్పవలెను: లెక్కలను సేకరించు టెస్లామేట్, వానిని దాచు పోస్ట్‌గ్రెస్, పటములుగా చూపు గ్రఫానా, వార్తల నందించు మస్కిటో. కారు నిలిచియున్నప్పుడు ఊరక పలుకరించిన బ్యాటరీ తఱుగును గనుక, అది నిద్రించుటకు ఈ సాఫ్టువేరు ఎడ మిచ్చును.

అయితే స్వాతంత్ర్యముతోపాటు బాధ్యతయు వచ్చును. కారు ఖాతా తాళపుచెవి యీ పెట్టెలోనే యుండును గనుక, దానిని ఇంటర్నెట్టునకు తెఱచిపెట్టరాదు. ఆ చెవిని మఱుగుపఱచు రహస్యపదమును పోగొట్టుకొనరాదు. వారమున కొకసారి లెక్కల నకలు వేఱొకచోట దాచవలెను. కరెంటు పోయినను ఆగకుండ ఆ కంప్యూటరును ఇన్వర్టరునకు కలుపుట మంచిది. ఇది సామాన్యులకు కష్టమనువారు కలరు. కంప్యూటరు విద్య నేర్చుచున్న మన యువకులకు ఇది రెండుపూటల పని. పొరుగువారికి చేసిపెట్టిన వారికిని మంచి అభ్యాసమగును.

టెస్లా మన సీమకు వచ్చినప్పటి మాట గదా యని కొందఱు నవ్వవచ్చును. భారతదేశమున దాని తొలి దుకాణము ముంబయిలో 2025 జూలైలో గదా తెఱచిరి! నిజమే. మేము చెప్పునది కారు పేరు కాదు, న్యాయము. మఱియు టెస్లామేట్ సంపూర్ణ స్వరాజ్యము కాదని యొప్పుకొనుచున్నాము. కారు ముందుగా కంపెనీకి చెప్పును. కంపెనీ తలుపు తెఱచినంతవఱకే మనకు వినబడును. ఓవీఎంఎస్ అను పరికరమును కారునకే తగిలించి నేరుగా లెక్కలు గ్రహించువారును కలరు గాని, అది అన్ని కార్లకు పనిచేయదు.

కంపెనీలవద్దనే భద్రముగా నుండును గదా యన్నచో, ఆ భద్రతను లోకము చూచినది. వోక్స్‌వాగన్ వర్గమునకు చెందిన సుమారు 8 లక్షల విద్యుత్కార్ల వివరములు రక్షణ లేక పడియుండెనని 2024 డిసెంబరులో జర్మనీలో బయటపడెను. వానిలో ననేకములు ఎక్కడెక్కడ నిలిచెనో సయితము అందు కలదు. మన రాకపోకల చిట్టా మన యింటి గుట్టు కాదా?

కావున చట్టమే తోడు రావలెను. ఐరోపా సమాఖ్య డేటా చట్టము 2025 సెప్టెంబరు 12 నుండి అమలునకు వచ్చి, తాను వాడు యంత్రము పుట్టించు వివరములను పొందు హక్కును వాడుకరి కిచ్చినది. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వివరములను పొందు విషయమున మన వివరముల సారాంశము నడుగు హక్కును మాత్ర మిచ్చినది. 2019 నాటి బిల్లులో నుండిన, వివరములను వెంట తీసికొనిపోవు హక్కు ఇందు లేదు. సారాంశముతో బ్యాటరీ వివాదము తీరునా? ప్రతి విద్యుత్కారును తన పూర్తి చిట్టాను యజమానుని కంప్యూటరునకు నేరుగా, రుసుము లేక అందింపవలెనని ప్రభుత్వము నిబంధన చేయవలెను. విద్యుత్కార్లను ప్రోత్సహించుటకు ప్రజాధనము నుండి రాయితీ లిచ్చిన ప్రభుత్వమునకు ఈ మాట యడుగు నధికారము లేదా?

సొమ్ము పెట్టి కొన్నవాడు తన బండి లెక్కకై యితరుల ననుమతి వేడరాదు. పలకలు చేసి దేశమున కిచ్చిన సీమ మనది. మన బండి లెక్కను మన పలకమీదనే వ్రాసికొందము.