పెండ్లికి నడిచే పడిగె

మహబూబాబాద్ జిల్లా అడవుల్లోని పూనుగొండ్ల నుంచి రెండేళ్లకోసారి, మాఘ పున్నమి వేళకు, పగిడిద్దరాజు పడిగెను, అంటే ఆయన కథను బొమ్మలుగా మోసే గుడ్డ జెండాను, ఎత్తుకుని కోయల పెనక వంశస్థులు కాలినడకన మేడారం జాతరకు బయలుదేరతారు. కాకతీయ సైన్యంతో పోరులో ఒరిగిన మనిషి ఆయన. అయినా అది శవయాత్ర కాదు. ఆయన పెండ్లికొడుకై పోతాడు, భార్య సమ్మక్కతో మళ్లీ పెండ్లి. కొడుకు జంపన్న ప్రాణం విడిచిన వాగుకు అతని పేరే మిగిలింది. ఇంటిల్లిపాదీ యుద్ధంలో పోయిన కథను ఒక వంశం గుడ్డ మీద దాచి తరతరానికి అప్పగిస్తోంది. తాతల నాటి యుద్ధగాయాన్ని బొమ్మల్లో మోయడం ఐరోపా నుంచి వచ్చిన ఆధునిక ప్రయోగమని రాసేవాళ్లు ముందు ఈ దారి చూడాలి.

శాసనాల్లో సమ్మక్క ఏదని అడిగేవారున్నారు. శాసనం చెక్కించింది రాజు. ఓడినవాళ్ల ఇంటి ఏడుపు రాయించాల్సిన పని ఆయనకు లేదు. పడిగె తేదీలకు సాక్ష్యం కాదు, నిజమే. ఏ దుఃఖాన్ని పోనివ్వకూడదని కోయ గట్లు, అంటే వంశ విభాగాలు, అనుకున్నాయో దానికి సాక్ష్యం. మరి ఇది పాత పగను రాజేయడం కాదా? ఈ ప్రశ్న బరువైనదే. కానీ జాతరలో శత్రువును వెతికి కొట్టే ఘట్టం లేదు, చనిపోయినవాళ్లను ఇంటికి పిలుచుకోవడమే ఉంది. పైగా పడిగె ఒంటరిగా మాట్లాడదు, డోలి కోయ గాయకుడు కథ పాడితేనే బొమ్మ కదులుతుంది. ఆ గాయకుల్లో ఒకరైన, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూసినప్పుడు మనం పోగొట్టుకున్నది గొంతు ఒక్కటే కాదు, ఆ బొమ్మలను చదివే చూపు కూడా.

అయితే ఐరోపా నుంచి మనం నేర్చుకోవలసిందీ ఒకటుంది. జర్మన్ చిత్రకారుడు గెర్‌హార్డ్ రిక్టర్ 1965లో నాజీ సైన్యపు దుస్తుల్లో ఉన్న మేనమామ రూడీని గీశాడు. మానసిక రోగి అన్న ముద్ర వేసి నాజీలు చంపిన పిన్ని మరియానేనూ అదే ఏడాది గీశాడు. ఒకే ఇంట్లో రెండు వైపులూ! జనగామ ప్రాంతానికి ఈ ధైర్యం కావాలి. 1948 ఆగస్టు 27న నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు కూల్చిన బైరాన్‌పల్లి మీద పాటలున్నాయి, స్తూపముంది. చేర్యాల నకాశీ చిత్రకారులు కులపురాణాలకు గుడ్డ పటాలు గీసినట్టు ఆ ఊరికీ ఒక పటం గీయవచ్చు. అందులో బురుజెక్కి పోరాడినవాళ్లకు గడులుండాలి. మూడు వారాలకే, భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తర్వాత, నిజాం సంస్థానంలో ఊచకోతకు గురైన, భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్కకెక్కించిన ముస్లిం కుటుంబాలకూ గడులుండాలి. వాళ్ల మనవలూ ఈ నేల మీదే ఉన్నారు.