మర బిగించే ముందు చిగుళ్ళు చూడండి

తుని నుండి రాజమహేంద్రవరం వరకు జాతీయ రహదారిపై ప్రయాణించే పాఠకుల కంటికి ఆ ప్రకటనలు పడకుండా ఉండవు. ఒక్క రోజులో కదలని పళ్ళు, వృద్ధులకు రాయితీ, మిగిలిన సొమ్ముకు నెలవారీ వాయిదాలు. పక్కనే తెల్లని పలువరుసతో నవ్వుతున్న వృద్ధ దంపతుల బొమ్మ. మా అన్నవరం చుట్టుపక్కల గ్రామాలలో పింఛను మీద బ్రతికేవారు కూడా ఈ మాట నమ్మి, అప్పు చేసి, నోటినిండా మరలు బిగించుకోవడానికి సిద్ధపడుతున్నారు. ఈ ధోరణిని నేను గట్టిగా ఖండిస్తున్నాను.

నా అభ్యంతరం ఇంప్లాంటు మీద కాదని ముందే మనవి చేస్తున్నాను. అది గొప్ప ఆవిష్కరణ. స్వీడన్ శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల ఆరంభంలో కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం పరికరం ఒకటి అమర్చాడు. పరిశీలన ముగిశాక తీయబోతే అది ఎముకతో ఏకమైపోయి ఊడి రాలేదు. ఆ గమనిక నుండే 1965లో తొలిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం దంతమూలాలను అమర్చడం సాధ్యమయింది. ప్రమాదంలో ఒక పన్ను పోగొట్టుకున్న యువకునికి, కట్టుడు పళ్ళు నిలవక అన్నం నమలలేని వృద్ధురాలికి అది నిజంగా వరమే.

అయితే ప్రకటన చెప్పని సంగతి ఒకటి ఉంది. సహజమైన పంటి వేరుకూ ఎముకకూ నడుమ పలుచని నారపొర ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని అది ఓర్చుకుంటుంది. చిగురు లోని నారపోగులు పంటి వేరులోకి దిగి, గట్టిగా పట్టుకుని, సూక్ష్మజీవులకు అడ్డుగోడలా నిలుస్తాయి. ఇంప్లాంటుకు ఆ నారపొరా లేదు, ఆ పట్టూ లేదు. చిగురు దానిని ఆనుకుని ఉంటుందంతే. కనుక పాచి పేరుకుంటే, చీము ఎముక దాకా దిగడం సహజదంతం వద్ద కంటె ఇక్కడ సులభం. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదనేది నిజమే. దాని చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతే ఆ నిజం ఎందుకు పనికివస్తుంది?

ఇప్పుడు ఆలోచించండి. మన ప్రాంతంలో నడివయసు దాటినవారికి పళ్ళు ఎక్కువగా ఎందుకు ఊడుతున్నాయి? చిగుళ్ళ వ్యాధి వలన, పుచ్చు వలన. చిగుళ్ళ వ్యాధిని పెంచేవి అదుపులో లేని మధుమేహం, చుట్ట, బీడీ, ఖైనీ. ఇంప్లాంటు విఫలమయ్యే అవకాశాన్ని పెంచేవి కూడా ఇంచుమించు ఇవే. అంటే ఆ ప్రకటన ఎవరిని పిలుస్తున్నదో వారిలో చాలామంది, ముందుగా చిగుళ్ళకు వైద్యం చేయించుకోవలసినవారు. మర ఎముకలో కుదురుకోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఎముక బాగున్న కొందరికి అదే రోజు తాత్కాలికంగా పన్ను తొడగవచ్చు. ఆ కొందరి భాగ్యాన్ని అందరికీ అమ్మడం వైద్యం కాదు, వ్యాపారం.

ఇంతకంటె నన్ను బాధించేది మరొకటి. నాలుగు లేక ఆరు మరల మీద నోటినిండా పళ్ళు నిలబెట్టే పద్ధతి వచ్చాక, చికిత్సతో ఇంకా కొన్నేళ్ళు నిలిచే పళ్ళను కూడా పీకించుకోమనే సలహా వినిపిస్తోంది. పీకిన పన్ను తిరిగి రాదు. అటువంటి సలహా విన్నప్పుడు, వాయిదాల కాగితం మీద సంతకం పెట్టకుండా, ఎక్స్-రే తీసుకుని చిగుళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. చదివిన మరొకరికి చూపండి. మన జిల్లాలలో వారికి కొరత లేదు. రాజమహేంద్రవరం పరిసరాలలోనూ, భీమవరంలోనూ దంతవైద్య కళాశాలలే ఉన్నాయి. అక్కడ ఖర్చు కూడా తక్కువ.

ఇక మన తప్పులు. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందని ఆ చోటు వదలి తోమేవారు ఎందరో! రక్తం కారడం వాపుకు గుర్తు. మెత్తని బ్రష్షుతో అక్కడే శ్రద్ధగా తోమాలి. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్నది మరొక అపోహ. లోపల ఎముక కరిగి అప్పటికే కదులుతున్న పళ్ళను ఆ గార అతికి పట్టి ఉంచుతుంది. తీయగానే నిజం బయటపడుతుంది, నింద వైద్యునిపై పడుతుంది. పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందనే భయానికి కూడా ఆధారం లేదు. ఇటుకపొడి, బొగ్గు పంటిపై పింగాణీని అరగదీస్తాయి. పళ్ళపొడులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా పొగాకు నమిలి పంటినొప్పి తగ్గిందని మురిసేవారు ఇంకా ఉన్నారు. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి విని ఫ్లోరైడ్ పేస్టు మానేసినవారికి ఒక మాట: ఆ వ్యాధి ఏళ్ళ తరబడి త్రాగిన నీటి వలన వచ్చింది. తోముకుని ఉమ్మివేసే పేస్టు వలన రాదు. పసిపిల్లలకు మాత్రం బియ్యపుగింజంత చాలు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకుని అడ్డపొగ త్రాగే అమ్మలున్న ఇళ్ళలో, వారి అంగిలిని నెలకొకసారైనా టార్చిలైటు వేసి చూడండి. తెల్లని మచ్చ గాని, మానని పుండు గాని కనిపిస్తే, పళ్ళ సంగతి తరువాత, ముందు క్యాన్సరు పరీక్ష చేయించాలి.

సత్యదేవుని ప్రసాదం జోలికి నేను పోను! తిని నీళ్ళతో పుక్కిలిస్తే చాలు. తాపేశ్వరం కాజాను రోజంతా కొంచెం కొంచెంగా కొరుకుతూ కూర్చోవడమే పళ్ళకు ఎక్కువ చేటు.

ప్రభుత్వానికి కూడా ఒక ప్రశ్న. ఏటా ఇందరు బి.డి.ఎస్. పట్టభద్రులు ఉపాధి లేక తిరుగుతుంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుని పోస్టు ఎందుకు ఉండదు? మధుమేహ రోగికి నెలనెలా రక్తంలో చక్కెర చూసి మాత్రలు ఇస్తున్నాము. అదే బల్ల దగ్గర నోరు తెరిపించి చిగుళ్ళు చూసే మనిషి లేడు. చిగుళ్ళలో చీము ఉంటే చక్కెర అదుపు కూడా కష్టమవుతుంది. గారతీసే యంత్రం ఒకటి, దంతవైద్యుడు ఒకరు వారానికి రెండు రోజులు ప్రతి కేంద్రానికి వచ్చినా, రహదారి ప్రకటనలకు బలయ్యేవారు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం. మీ గ్రామసభలో ఈ మాట అడగండి. అర్జీ వ్రాయడానికి సాయం కావాలంటే నేను వ్రాసి పెడతాను.