మెత్తగా చెప్పినంత మాత్రాన అబద్ధమా?

భక్తి పరిమళించే క్రైస్తవ చారిత్రక నవల అనగానే విమర్శకుల్లో చాలామంది పెదవి విరుస్తారు. భర్త పోయిన స్త్రీ, ఓర్పుగల ఒక రైతు, నడుమ నాలుగు ప్రార్థనలు, చివర ప్రేమ: దుఃఖానికి చక్కెర పూత పూసి అమ్మే సరుకని వాళ్ల తీర్పు. కథ చెప్పే గొంతు మెత్తగా ఉందని, అందులోని బాధ కూడా మెత్తనిదేనని అనుకోవడం వల్ల వచ్చిన తీర్పు ఇది. నేను దీన్ని ఒప్పుకోను.

జానెట్ ఓక్ 1979లో ప్రచురించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’నే చూడండి. ఈ తరహా నవలలకు అమెరికాలో దారి వేసిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. పడమటికి వలస వచ్చిన మార్టీ, కొత్త నేల మీద కాలూనకముందే భర్తను పోగొట్టుకుంటుంది. కడుపులో బిడ్డ, ఎదురుగా చలికాలం. భర్తను సమాధి చేసిన రోజే, భార్య పోయిన క్లార్క్ డేవిస్ వచ్చి తన పసికూతురికి తల్లి కావాలని, పెళ్లి చేసుకుందామని అడుగుతాడు. వసంతంలో తూర్పుకు వెళ్లే బళ్లతో తిరిగి పోదలిస్తే దారి ఖర్చు తానే ఇస్తానంటాడు. ఇందులో తీపి ఎక్కడుంది? దిక్కు తోచని ఇద్దరు బతకడం కోసం చేసుకున్న ఒప్పందమది. తర్వాత కథంతా వంట, చాకిరీ, పసిపిల్ల మంకుతనం. మార్టీ శోకం ఆ పనుల మధ్యే సాగుతుంది. దేవుడి గురించి పెద్దగా ఎరగని ఆమెకు విశ్వాసం ఒక్క ప్రార్థనతో కలగదు. పక్కనున్న మనిషి మాట నిలబెట్టుకోవడం నెలల తరబడి చూశాక మెల్లగా కుదురుకుంటుంది.

కేథరిన్ మార్షల్ రాసిన ‘క్రిస్టీ’ (1967) ఇంకా కటువైనది. ఆమె భర్త, అమెరికా సెనేట్ చాప్లెయిన్ పీటర్ మార్షల్, 1949లో 46 ఏళ్లకే కన్నుమూశారు. శోకమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నవలలో 1912లో టెనెసీ కొండల్లోని మిషన్ బడికి వెళ్లిన పంతులమ్మ క్రిస్టీ, ప్రాణస్నేహితురాలు ఫెయిర్‌లైట్ టైఫాయిడ్‌తో పోయినప్పుడు దేవుణ్ణే నిలదీస్తుంది. అలా నిలదీయడం బైబిలుకు పరాయిది కాదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. యోబుతో దేవుడు మాట్లాడతాడు గాని, అతని కష్టాలకు కారణం చెప్పడు. కారణాలు వల్లించిన స్నేహితుల మీదే కోపగిస్తాడు.

విశ్వాసం తిరిగి వస్తుందని పాఠకులకు ముందే తెలుసు కదా, ఇక ఉత్కంఠ ఏముందని ఒక ఆక్షేపణ. రావణుడు చస్తాడని తెలిసే మనవాళ్లు తరతరాలుగా అశోకవనంలోని సీత కోసం కంటతడి పెట్టారు. ముగింపు తెలిసిన కథలో మనసు దారి మీద నిలుస్తుంది. ఆ దారిని కుదించి, రెండు పేజీల్లో కన్నీళ్లు తుడిచేసే అనుకరణలు కొల్లలుగా వచ్చిన మాట నిజమే. వాటిని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

అయితే ఈ సాహిత్యం మీద వేయవలసిన గట్టి అభియోగం వేరే ఉంది. వలసదారులు కాపురం పెట్టిన ఆ బయళ్లు ఎవరూ లేని నేల కాదు. టెనెసీ చుట్టుపక్కల కొండల నుంచి అక్కడి ఆదివాసులైన చెరోకీలను 1838లో సైన్యంతో వెళ్లగొట్టారు. పడమటికి నడిచిన దారిలో వేలమంది చనిపోయారు. వాళ్ల తల్లుల కడుపుకోత ఈ నవలల్లో కనబడడం అరుదు. మార్టీ కన్నీళ్లను అంత శ్రద్ధగా చూడగలిగిన ఈ తరహా రచన ఆ తల్లుల వైపు ఎందుకు చూడలేదని విమర్శకులు అడగాలి. మెత్తదనాన్ని వెక్కిరిస్తూ కూర్చున్నంతకాలం ఆ ప్రశ్న వాళ్లకు తట్టదు.